వాళ్లు వాసన చూడరు, వింటారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో జపాన్ గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ వాసనల గురించి. ఉద్యోగాలకి, చదువులకి అటు వెళ్తున్న పిల్లలు మన ఇళ్లల్లో పెరిగారు కదా. క్యోటోలో నాలుగేళ్లు, టోక్యోలో రెండేళ్లు ఉండి వచ్చినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలంటే నాకు ప్రాణం. అన్నీ ఒకచోట పెట్టి రాస్తున్నాను.

ప్రశ్న: కంపెనీ పని మీద వచ్చే నెల టోక్యో వెళ్తున్నాను, రెండేళ్లు ఉండాలి. ఆఫీసుకి సెంటు కొట్టుకుని వెళ్లొద్దని మా సీనియర్ చెప్పారు, చెమట వాసన కూడా రాకూడదట. వింటుంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు జపాన్ వాళ్లకి సువాసనలంటే పడవా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పడకపోవడం ఏమీ లేదండి. పద్నాలుగు వందల ఏళ్లుగా అగరు, చందనం కోసం ఓడల దారి చూసిన దేశం అది. వెయ్యేళ్ల కిందట క్యోటో రాజదరబారులో ఆడా మగా అందరూ ధూపం కుండ మీద బుట్ట బోర్లించి, దాని మీద బట్టలు పరిచి, ఆ వాసన పట్టించుకుని కట్టుకునేవారు. ఎవరి ధూపం పాళ్లు వాళ్లవే, చీకట్లో మనిషి కనపడకపోయినా వాసనని బట్టి వచ్చింది ఎవరో తెలిసిపోయేది. తలంటు పోసుకున్నాక జుట్టు ఆరబెట్టే మన సాంబ్రాణి బుట్ట గుర్తొచ్చిందా, అచ్చం అదే.

కానీ మీ సీనియర్ చెప్పిందీ నిజమే. ఇవాళ్టి టోక్యోలో ఒక వాసన మంచిదా చెడ్డదా అనేదాని కంటే ముందు, అది పక్కవాళ్ల మీద పడుతోందా లేదా అని చూస్తారు. పొద్దున ఎనిమిదింటి రైలు ఒక్కసారి ఎక్కితే మీకే తెలుస్తుంది, భుజానికి భుజం, మీ ముక్కు ముందు ఇంకొకరి కాలరు, ఎవరూ మాట్లాడరు, ఎవరూ పక్కకి జరగలేరు, అలాంటి చోట మీరు కొట్టుకున్న సెంటు ఇష్టమున్నా లేకపోయినా నలభై నిమిషాలు ఆయన పీల్చాల్సిందే. దీనికి వాళ్లు 'సుమెహరా' అని ఒక మాట పెట్టుకున్నారు, స్మెల్ హెరాస్‌మెంట్ అన్నదాన్ని కుదించి. చెమట, నోటి వాసన, సిగరెట్టు, సెంటు, బట్టలకి పెట్టే సాఫ్ట్‌నర్, అన్నీ ఇందులోకే వస్తాయి. వయసు మీద పడ్డాక ఒంటి నుంచి వచ్చే వాసనకి కూడా 'కరేషూ' అని విడిగా పేరుంది. షిసెయిడో కంపెనీ పరిశోధకులు దానికి నోనెనాల్ అనే పదార్థం కారణమని 1999లో చెప్పారు, ఆ తర్వాత ఆ మాట ఇంటింటికీ పాకింది, మధ్యవయసు మగవాళ్ల కోసం సబ్బులూ తడి కాగితాలూ వరసపెట్టి వచ్చాయి. నాకైతే ఇది కొంచెం అతి అనే అనిపిస్తుంది. వయసైన మనిషిని తన ఒంటిని చూసి తానే భయపడేలా చేయడం మంచి పని కాదు.

చెమట సంగతి మీరు తేలిగ్గా తీసుకోవద్దు, దాని వెనక శరీర ధర్మం ఒకటుంది. చెవిలో గులిమి పొడిగా ఉంటుందా జిగురుగా ఉంటుందా అన్నది ఒకే ఒక్క జన్యువు తేలుస్తుందని 2006లో నాగసాకి పరిశోధకులు కనిపెట్టారు. పొడి గులిమి ఉన్నవాళ్లకి చంక వాసన కూడా చాలా తక్కువ. జపాన్‌లో ఎక్కువమంది ఆ రకమే. చుట్టూ ఉన్నవాళ్లకి వాసన పెద్దగా లేనప్పుడు మీది కొంచెమైనా తెలిసిపోతుంది, అందులో మీ తప్పేమీ లేదు. పొద్దున స్నానం, బ్యాగులో ఒక చొక్కా అదనంగా, వాసన లేని డియోడరెంట్. అది మీకు ఇక్కడ ఏది పనిచేస్తుందో దాన్నే పట్టుకెళ్లండి. తలకి కొబ్బరినూనె శని ఆదివారాలకి ఉంచుకోండి. అంతకుమించి కంగారు పడాల్సింది లేదు.

ఇంకొక్కటి. జపనీస్‌లో 'కోగాయ్' అంటే కాలుష్యం. మినమాతా ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, యొక్కాయిచి ఊళ్లో ఫ్యాక్టరీల పొగ, వేలమంది ఆరోగ్యం పాడైన రోజుల్లో నాటుకున్న బరువైన మాట అది. పలకడం అలాగే ఉంచి, రాసే రెండు చైనా లిపి అక్షరాల్లో మొదటిది మాత్రం మార్చి, 'సువాసన వల్ల హాని' అని అర్థం వచ్చేలా ఇప్పుడు రాస్తున్నారు. ఘాటు సాఫ్ట్‌నర్ వాసనకి తలనొప్పి, వాంతులు వచ్చి బడికి వెళ్లలేని పిల్లలు, ఉద్యోగం మానేసిన పెద్దలు గొంతు విప్పాక పుట్టిన మాట. 2021లో అయిదు ప్రభుత్వ శాఖలు కలిసి 'మీ సువాసనతో ఇబ్బంది పడేవాళ్లు ఉండొచ్చు' అనే అర్థంలో పోస్టర్ వేశాయి. అది చదివి నాకు సంతోషమేసింది. మన దగ్గర సెంటు పడక తలనొప్పి వస్తోందంటే 'నీదంతా చాదస్తం' అని కొట్టిపారేస్తారు.

ప్రశ్న: జపాన్‌లో అగరు వాసనని 'వింటారు' అని ఎక్కడో చదివాను. వాసన వినడమేంటండీ? అనువాదంలో తప్పా?
- రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదు మాస్టారూ, అక్షరాలా నిజం. మామూలుగా పువ్వునో కూరనో వాసన చూడటానికి వాళ్లకి వేరే క్రియ ఉంది. సుగంధపు చెక్కని వేడిచేసి ఆస్వాదించే కళ, దాన్ని 'కోదో' అంటారు, అందులో మాత్రం 'కికు' అనే వాడాలి. కికు అంటే వినడం. అడగడం అని కూడా. ఆ కూర్చున్న గదిలో ఎవరైనా 'వాసన చూశాను' అంటే గురువుగారు మెల్లగా సరిచేస్తారు. ఆ మాటకొస్తే మనం మాత్రం? వాసన 'చూస్తాం' కదా! కంటితో పని లేనిదాన్ని మనం చూస్తుంటే చెవితో పని లేనిదాన్ని వాళ్లు వింటున్నారు. మొదటిసారి ఈ సంగతి తట్టినప్పుడు నేను రోజంతా అదే ఆలోచించాను.

కథ 595లో మొదలవుతుంది. అవాజి దీవి ఒడ్డుకి పెద్ద దుంగ ఒకటి కొట్టుకొచ్చిందట. ఊరివాళ్లు మామూలు కట్టెలతో కలిపి పొయ్యిలో పెట్టారు, పొగ వెళ్లినంత దూరం సువాసన వచ్చింది, వింతనిపించి దాన్ని తీసుకెళ్లి సుయికో మహారాణికి సమర్పించారు. వాళ్ల పాత చరిత్ర గ్రంథం 'నిహోన్ షోకి'లో ఉన్న సంగతి ఇది. అది అగరు. ఆ చెట్టు జపాన్‌లో మొలవదు, ఆగ్నేయాసియా అడవుల్లో చెట్టుకి గాయమై, ఆ గాయం చుట్టూ ఏళ్ల తరబడి ఊరిన బంక చెక్కలోకి ఇంకితే అగరు అవుతుంది. అంటే ఆ కళకి కావలసిన ముడిసరుకు మొత్తం సముద్రం దాటి రావలసిందే. అందుకే ముక్క ముక్కనీ లెక్కపెట్టుకున్నారు. నారాలోని షోసోఇన్ ఖజానాలో రంజాతాయ్ అనే దుంగ ఉంది, పొడవు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. దాన్నుంచి చిన్న ముక్క కోయించుకోవడం ఎంత గొప్పంటే, 1574లో యుద్ధనాయకుడు ఓదా నోబునాగా కోయించాడు, 1877లో మెయిజీ చక్రవర్తి కోయించాడు, ఎవరు ఎక్కడ కోశారో చెప్పే చీటీలు ఇప్పటికీ దానికి అంటించి ఉన్నాయి.

పదిహేనో శతాబ్దంలో అషికాగా యోషిమసా అనే షోగన్ (దేశాన్నేలే సేనాపతి) కాలంలో దీనికి పద్ధతులు ఏర్పడ్డాయి. అగరుని ఆరు రకాలుగా విడదీశారు, అందులో అన్నింటికంటే మేలైనది క్యారా. ఆ పేరు మన సంస్కృతంలోని కాలాగరు నుంచి పుట్టిందంటారు. ఇక గుణాలు చెప్పడానికి రుచుల పేర్లే వాడారు: తీపి, పులుపు, కారం, చేదు, ఉప్పు. ఉగాది పచ్చడి తిన్న నోటికి వెంటనే ఒకటి తక్కువైందని తెలిసిపోతుంది కదా, వగరు లేదు.

గదిలో జరిగేది చెబుతాను. గుప్పెట్లో పట్టేంత చిన్న పింగాణీ గిన్నె. దాని నిండా తెల్లటి మెత్తని బూడిద, లోపల నిప్పు కణిక పాతిపెట్టి ఉంటుంది, పైన బూడిదని చిన్న కొండలా తీర్చి గీతలు దిద్దుతారు, మధ్యలో వేడి రావడానికి సన్నని రంధ్రం. దాని మీద అభ్రకం పలక, గోరంత. ఆ పలక మీద అగరు ముక్క, అది మరీ చిన్నది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందేమో అనిపించేంత. చెక్క కాలదు, వేడెక్కుతుంది అంతే, అందుకే పొగ కనపడదు. గిన్నెని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేతిని గోపురంలా మూసి, బొటనవేలు పక్కన వదిలిన సందులోకి ముక్కు పెట్టి నిదానంగా మూడుసార్లు పీల్చాలి. ఊపిరి పక్కకి తిరిగి వదలాలి. పక్కవాళ్లకి అందించాలి. అంతసేపూ గదిలో గిన్నె తిరుగుతున్న చప్పుడు కూడా ఉండదు. మొదటిసారి నాకు ఏమీ తెలియలేదు. రెండో గిన్నె దగ్గర, తడిసిన మట్టిలాంటిది, దాని వెనకాల ఎక్కడో బెల్లం పాకం, పట్టుకోబోతే లేదు, మళ్లీ ఉంది. అప్పుడు అర్థమైంది వినడం అని ఎందుకన్నారో. అది మన దగ్గరికి రాదు, మనమే చెవి ఒగ్గినట్టు దాని దగ్గరికి వెళ్లాలి.

ఇందులో ఆట కూడా ఉంది, గెంజికో అంటారు. అయిదు రకాల అగరు, ఒక్కో రకానికి అయిదు పొట్లాలు, మొత్తం పాతిక కలిపేసి అయిదు తీస్తారు. వరసగా విని, ఏది ఏదానిలాంటిదో గీతలతో గీసి చూపించాలి. నిలువుగా అయిదు గీతలు, ఒకేలా ఉన్నవాటి తలల్ని అడ్డగీతతో కలపాలి. అలా వచ్చే రూపాలు సరిగ్గా 52. లెక్కల మాస్టారైతే ఒకసారి వేసి చూడండి! ఒక్కో రూపానికీ వెయ్యేళ్ల నాటి నవల 'గెంజి గాథ'లోని అధ్యాయం పేరు పెట్టారు. అధ్యాయాలు 54 కాబట్టి మొదటిదీ చివరిదీ వదిలేశారు. ఆ గుర్తులు కిమోనోల మీద, మిఠాయి డబ్బాల మీద ఇప్పటికీ కనపడతాయి.

నేను రెండోసారి వెళ్లిన రోజు తలకి మల్లె వాసన నూనె రాసుకుని వెళ్లాను. ఆలోచించలేదు, అలవాటు. గుమ్మం దగ్గరే ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, 'ఇవాళ మీరు లోపలికి వస్తే మిగతావాళ్లకి అగరు వినపడదు, వచ్చే నెల తప్పకుండా రండి' అన్నారు. ముఖంలో విసుగు లేదు, బాధ ఉంది. నెలరోజులు ఆగి వెళ్లాను. ఆవిడ నా కోసం తన పక్కన చోటు ఉంచారు.

ప్రశ్న: మా టీమ్‌లోని జపాన్ ఆవిడకి మంచి అగరుబత్తులు గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నాను. బాగుంటుందా?
- బెంగళూరు

జవాబు: ఆవిడకి ఇష్టమని ముందే తెలిస్తే తప్ప వద్దు. అక్కడ చాలామందికి అగరుబత్తి అంటే ఇంట్లో పోయినవాళ్ల ఫొటో, అమ్మమ్మ గారి ఇంటి పూజ గూడు, శ్మశానం. ఎవరైనా పోయిన ఇంటికి అగరుబత్తుల పెట్టె పంపడం అక్కడ పద్ధతి. మీరు ప్రేమగా ఇచ్చినా పెట్టె విప్పగానే ఒక్క క్షణం మనసు కలుక్కుమనొచ్చు. కుర్రకారులో మన బత్తులు ఇష్టంగా కొనుక్కునేవాళ్లు ఉన్నారు, అది వేరు. కొండపల్లి బొమ్మ ఇవ్వండి, తేలిక, వాసన లేదు.

వాళ్ల బత్తిలో వెదురు పుల్ల ఉండదు, పిండి మొత్తం సేమ్యాలా తీసి ఆరబెట్టిందే. జిగురుకి మన జిగట పొడి లాంటిదే ఒక చెట్టు బెరడు వాడతారు. జపాన్‌లో తయారయ్యే బత్తుల్లో దాదాపు 70 శాతం ఆ దుంగ కొట్టుకొచ్చిందన్న అవాజి దీవి నుంచే వస్తాయి. వెలిగించాక మంటని నోటితో ఊదరు, చేత్తో విసిరి ఆర్పుతారు. మా నాయనమ్మ దీపం దగ్గర ఎందుకు కేకలేసేదో అక్కడివాళ్లకి చెప్పనవసరం లేదు. అన్నట్టు, మన మైసూరు చందనానికి వాళ్లు 'రోజాన్' అని ప్రత్యేకంగా పేరు పెట్టి అన్నిటికంటే మేలైన చందనంగా చూస్తారు. గుడిలోకి వెళ్లేముందు చేతులకి రాసుకునే సుగంధపు పొడి 'జుకో' కూడా మన గంధం వెళ్లిన దారిలో, బౌద్ధంతో పాటు వెళ్లిందే.

ప్రశ్న: మా అమ్మాయి టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటోంది. అపార్ట్‌మెంట్ వాళ్లు పోస్టుబాక్సులో కాగితం వేశారట, వంట వాసనలు కారిడార్‌లోకి వస్తున్నాయి, జాగ్రత్త పడండి అని. అందరి డబ్బాల్లోనూ వేశారు గానీ అది తన గురించేనని ఏడ్చింది. పోపు పెట్టుకోవడం కూడా తప్పేనా? మనల్ని చిన్నచూపు చూస్తున్నారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు అమ్మాయికి ఫోన్ చేసి, నువ్వు చేసింది తప్పు కాదని చెప్పండి. నిషి కసాయ్‌లో మనదేశం వాళ్లు చాలామంది ఉన్నారు, ఆ కాగితం చదివి అది తన గురించేనని అనుకున్న ఇల్లు మీ అమ్మాయిది ఒక్కటే అయి ఉండదు. పేరు పెట్టకుండా అందరికీ వేయడం అక్కడి మర్యాద, ఎదురుపడి అంటే మనిషి సిగ్గుపడతారని. మనకది చాటుగా పొడిచినట్టు అనిపిస్తుంది, వాళ్ల ఉద్దేశం అది కాదు.

అలాగని అంతా మంచే అని చెప్పను. కూరల వాసన వస్తుందని సాకు చెప్పి విదేశీయులకి ఇల్లు ఇవ్వని యజమానులు ఉన్నారు, అది అన్యాయమే, దాన్ని సంస్కృతి పేరుతో కప్పిపెట్టకూడదు. వాళ్ల వంటలకి వాసన లేదా? సోయా గింజలు పులియబెట్టి చేసే నత్తో ఉంది, ఎండు చేపల్లోకెల్లా ఘాటైన కుసాయా ఉంది, ఆకలేసే సాయంత్రం సన్మా చేప కాలుతున్న పొగ వీధంతా నిండితే 'ఆహా, శరదృతువు వచ్చింది' అంటారు. అలవాటైన వాసన ఇంటి వాసన, అలవాటు లేనిది కంపు. మన దగ్గరా అంతే కదా, ఎండు చేపలు వేయించారని హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎన్ని గొడవలు, ఎంతమందికి ఇల్లు దొరకలేదు. అదే కంపు అన్న మాట కన్నడంలో ఇప్పటికీ సువాసన!

చట్టం గురించి భయం అక్కర్లేదు. దుర్వాసనల మీద జపాన్ 1971లోనే చట్టం చేసింది, కానీ అది ఫ్యాక్టరీలకీ వ్యాపారాలకే, ఇంటి వంటకి కాదు. ఆ చట్టం కింద వాసన కొలిచే పద్ధతి ఒకటుంది, నాకు భలే ఇష్టం. మూడు సంచులు, రెండింటిలో శుభ్రమైన గాలి, ఒకదాంట్లో వాసన గాలి. కొంతమందిని కూర్చోబెట్టి ఏది తేడాగా ఉందో చెప్పమంటారు, చెప్పగలిగినంతసేపూ ఇంకా పలచన చేస్తూ పోతారు. ఎంత పలచన చేశాక తెలియకుండా పోయిందో అదే కొలత. యంత్రాలెన్ని ఉన్నా చివరి మాట మనిషి ముక్కుదే, ఆ పరీక్ష నడిపేవాళ్లకి ప్రభుత్వ అర్హత పత్రం ఉండాలి.

అమ్మాయికి పని మాటలు: నూనె పెట్టకముందే ఫ్యాన్ వేయాలి, వంటయ్యాక అరగంట ఆపకూడదు. పోపు మూత పెట్టి వేయాలి, ఇంగువ నేరుగా కాగిన నూనెలో కాకుండా పులుసులో కలపొచ్చు. కారిడార్ వైపు కిటికీ మూసుకుని బాల్కనీ వైపు తెరిస్తే పక్కవాళ్లు బట్టలు ఆరేశారేమో ఒకసారి చూడాలి, అక్కడ అందరివీ బాల్కనీల్లోనే ఆరతాయి, పట్టింపు ఎక్కువగా అక్కడే వస్తుంది. ఇంట్లో దిగినప్పుడు ఇరుగుపొరుగుకి చిన్న తువ్వాలో బిస్కెట్ల డబ్బానో ఇచ్చి పరిచయం చేసుకోవడం వాళ్ల ఆచారం. చేయకపోయి ఉంటే ఇప్పుడైనా వెళ్లమనండి. పోపు మాత్రం మానొద్దు.

ప్రశ్న: జపాన్ ప్రభుత్వం మంచి వాసనల జాబితా వేసిందట, నిజమా?
- డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నిజం. 2001లో పర్యావరణ శాఖ 'వంద సువాసన దృశ్యాలు' అని దేశం మొత్తం మీద వంద చోట్లు ఎంపిక చేసింది. ఫురానో లావెండర్ తోటలు ఉన్నాయి, అది ఎవరైనా ఊహిస్తారు. టోక్యో కాందాలో పాత పుస్తకాల వీధి ఉంది, సోకాలో సోయా సాస్ రాసి కాల్చే బియ్యపు అప్పడాల వాసన ఉంది, ఒసాకాలో త్సురుహాషి స్టేషన్ దగ్గర కాల్చిన మాంసం వాసన ఉంది. కుసాత్సు వేడినీటి బుగ్గల దగ్గర గంధకం కోడిగుడ్డు వాసన కొడుతుంది, దాన్నీ మా ఊరి వాసన అని గర్వంగా పెట్టుకున్నారు. మన దగ్గర ఎవరైనా వేస్తే కోఠీ పాత పుస్తకాల దుకాణాలు, గుంటూరు మిర్చి యార్డు, కడియం నర్సరీలు. మీరు ఇంకో పది రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.

ప్రశ్న: నగోయాలో ఉంటాను. సెప్టెంబరు చివర్లో వీధిలో నడుస్తుంటే ఎక్కడి నుంచో బాగా పండిన పండు లాంటి వాసన, చూస్తే నారింజ రంగు చిట్టి పూలు. ఇక్కడ మల్లెపూలు లేక మనసు పీకుతోంది. ఇవి జడలో పెట్టుకోవచ్చా? ఎవరైనా ఏమైనా అంటారా?
- ఒక గృహిణి

జవాబు: అది కిన్మోకుసే. చైనా నుంచి వచ్చిన చెట్టు, జపాన్‌లో దాదాపు అన్నీ మగ చెట్లే, అందుకే కాయ కాయదు. వసంతంలో జించోగె, వానాకాలంలో కుచినాషి, శరత్తులో ఇది, ఈ మూడింటినీ పెద్ద సువాసన చెట్లంటారు. కుచినాషి మన గంధరాజమే, వచ్చే జూన్‌లో వెతుక్కోండి, మల్లె బెంగ కొంచెం తీరుతుంది.

మీ పక్కింటి పెద్దావిడకి ఈ వాసన చూపించి అడగండి, నవ్వి 'మరుగుదొడ్డి వాసన' అనొచ్చు. నొచ్చుకోవద్దు. పాత ఇళ్లలో మరుగుదొడ్డి పక్కన ఈ చెట్టు నాటేవారు, తర్వాత బాత్‌రూమ్ సెంట్లు చాలా ఏళ్లు ఈ వాసనతోనే వచ్చాయి. ఆ రోజులు చూడని అమ్మాయిలు ఇప్పుడు ఇదే వాసనతో చేతి క్రీములు, అత్తర్లు వెతికి మరీ కొంటున్నారు.

జడలో పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, కాకపోతే పువ్వు మిరియం గింజంత, నాలుగు రేకులు, దారానికి నిలవదు. కొమ్మ తుంచకండి, ఎవరిదో చెట్టు. వారం రోజులే ఉంటుంది, మధ్యలో ఒక వాన పడితే రాత్రికి రాత్రి మొత్తం రాలిపోతుంది. ఆ మర్నాడు పొద్దున్నే లేచి వెళ్లండి, చెట్టు కింద నేలంతా నారింజ రంగు పరుచుకుని ఉంటుంది. దోసెడు ఏరుకుని తడి ఆరాక చిన్న గిన్నెలో పోసి దిండు పక్కన పెట్టుకోండి, రెండు రాత్రులు వస్తుంది.